చేతులు బీడీల మీద, చెవులు సీరియల్ మీద

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం టీవీ సీరియళ్ల మీద. పరీక్షకులు మెచ్చుకున్న అధ్యాయం అది. డిగ్రీ చేతికొచ్చిన ఏడాది ఎండాకాలంలో బాల్కొండలో మా ఇంటికి వెళ్లినప్పుడు, అట్ట వేసిన ఆ లావుపాటి పుస్తకాన్ని మా అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి ‘గింత బరువుంది. ఏం రాసినవ్ బిడ్డా ఇండ్ల? జర సదివి ఇనిపియ్’ అంది. నాలుగో అధ్యాయమైతే అమ్మకు తెలిసిన సంగతే కదా అని అదే తెరిచాను. సీరియళ్లు స్త్రీలను ఆలోచన లేని ప్రేక్షకులుగా మార్చి, పితృస్వామ్య విలువలను వాళ్ల చేతనే మోయిస్తున్నాయన్న వాక్యం దగ్గర అమ్మ ఆపింది.

‘గా స్త్రీలంటే ఎవలు? నేనేనా?’

నేను జవాబు వెతుక్కునేలోపే మళ్లీ తనే అంది. ‘నేను సీరియల్ సూస్తనని నీకెవలు జెప్పిన్రు? సూడనీకి కండ్లేడ ఖాళీగున్నయి? నేను ఇంట.’

ఆ మాటతో నా అధ్యాయం పునాది కదిలిపోయింది. నేను సీరియళ్లలో చెంపదెబ్బలు లెక్కపెట్టాను. నగల బరువు గురించి రాశాను. అత్తాకోడళ్ల సంభాషణలను విశ్లేషించాను. కానీ వాటి ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కరినైనా ‘మీరు ఏం చేస్తూ చూస్తున్నారు?’ అని అడగలేదు. నా ఇంట్లోనే, నా ఫీజులు కట్టిన చేతులను కూడా అడగలేదు. ఈ వ్యాసం ఆ అధ్యాయానికి నేను చేసుకుంటున్న సవరణ.

మాధ్యమాలు, సాంకేతికత మనుషుల మీద చూపే ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు సాహిత్య విమర్శకులం సాధారణంగా పాఠం దగ్గర మొదలుపెడతాం. అందులో ఏముందో తేల్చి, అదే చూసేవాళ్ల మనసుల్లోకి దిగిపోతుందని అనుకుంటాం. మనస్తత్వశాస్త్రం రెండో వైపు నుంచి వస్తుంది. ఈ మనిషికి ఇది ఎందుకు కావలసి వచ్చింది, దీనితో ఆమె ఏం చేసుకుంటోంది అని అడుగుతుంది. స్త్రీవాదులకు ఈ శాస్త్రం మీద అనుమానం ఉండటం సహజమే. ఇంట్లో, సమాజంలో ఉన్న హింసను ఆడదాని తలలో ఉన్న జబ్బుగా చూపించి హిస్టీరియా అని పేరు పెట్టిన చరిత్ర దానికుంది. అయినా అది అడిగే ప్రశ్న మనకు అవసరం. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం తలలోనే కాక, చేసే పనిలో కూడా వెతకాలని చెప్పడమే నా ఉద్దేశం.

బాల్కొండ తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఆర్మూర్ దాటి నిర్మల్ వైపు వెళ్తుంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంది మా ఊరు. శ్రీరాంసాగర్ జలాశయం దగ్గరే. చుట్టూ పసుపు, మక్క చేలు. బాల్కొండ, మోర్తాడ్, భీమ్‌గల్, ఆర్మూర్ ప్రాంతమంతా రెండు పనుల మీద బతికిన సంసారాలు ఎన్నో. మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ పోయారు. ఆడవాళ్లు ఇంటి దగ్గర బీడీలు చేశారు. బడికి పోయే ఆడపిల్ల కూడా సాయంత్రం వచ్చి చాట ముందేసుకోవడం నా చిన్నప్పుడు అందరి ఇళ్లల్లో ఉండేది.

బీడీ చేయడం చూడటానికి తేలిగ్గా ఉంటుంది. తడిపిన తునికాకును కొలత ప్రకారం కత్తిరించాలి. అందులో తంబాకు సరిగ్గా పరిచి, వేళ్ల మధ్య చుట్టి, చివర మడిచి, దారం కట్టాలి. కొత్తగా నేర్చుకునే పిల్ల ఒక్కో బీడీకి ఊపిరి బిగబడుతుంది. పదేళ్లు చేసినామె వేళ్లు వాటంతటవే పోతాయి. అలవాటు ముదిరేకొద్దీ పనికి కావలసిన ధ్యాస తగ్గుతుందని విలియం జేమ్స్ 1890లో తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో రాశాడు. అయితే ధ్యాస తగ్గినంత మాత్రాన పని తగ్గదు. చూపు చాటలోనే ఉండాలి, నడుము వంగే ఉండాలి, వేళ్లు ఆగకూడదు. చెవులు మాత్రం ఖాళీ. గంటల తరబడి ఖాళీగా ఉండే ఆ చెవుల్లోకి ఏదో ఒకటి రాకపోతే, నడుము నొప్పి, అప్పు, పిల్ల పెండ్లి, రాని ఫోను అన్నీ వచ్చి చేరతాయి. ‘సప్పుడు లేకుంటే మనాది పడుతది’ అని మా వాకిట్లో కూర్చునే పెద్దమ్మ అంటుంది. నేను చదివిన సిద్ధాంతాల కంటే ఈ మాటే నాకు ఎక్కువ చెప్పింది.

ఇప్పుడు మళ్లీ సీరియల్ నిర్మాణం చూడండి. మనం ఎగతాళి చేసేవన్నీ వినేవాళ్ల అవసరాలుగా కనిపిస్తాయి. ప్రతి పాత్రనూ పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తారు. విలన్ వస్తే ఒక సంగీతం, అత్త వస్తే ఇంకో సంగీతం. నిన్న జరిగింది ఇవాళ మళ్లీ చెబుతారు. మనసులో అనుకునేది కూడా పైకే వినిపిస్తారు. కట్ట కట్టడానికి లేచినా, పొయ్యి మీది పప్పు కలిపి వచ్చినా కథ తప్పిపోదు. ఇది బొమ్మలున్న రేడియో. ఇది పోలిక మాత్రమే కాదు, చరిత్ర కూడా. ఈ ప్రక్రియ 1930ల అమెరికా రేడియోలో, పగటిపూట ఇంటిపని చేసుకుంటున్న ఆడవాళ్ల చెవుల కోసం, సబ్బుల కంపెనీల డబ్బుతో పెరిగింది. 1930లో షికాగో రేడియోలో ‘పెయింటెడ్ డ్రీమ్స్’ అన్న తొలి సీరియళ్లలో ఒకదాన్ని రాసిన ఇర్నా ఫిలిప్స్ కూడా ఒక స్త్రీయే.

ఆ రేడియో సీరియళ్లు వినే ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగిన మొదటివాళ్లలో హెర్టా హెర్జోగ్ ఒకరు. వియన్నాలో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లిన పరిశోధకురాలు. న్యూయార్క్ ప్రాంతంలో వంద మంది శ్రోతలతో మాట్లాడి 1941లో ఒక వ్యాసం ప్రచురించింది. కష్టాలు వింటూ తమ ఏడుపు ఏడ్చుకోవడం, తమకు లేని జీవితాన్ని కాసేపు ఊహించుకోవడం, బతుకులో ఏదైనా వస్తే ఎలా నెగ్గుకురావాలో నేర్చుకోవడం, ఇలాంటి తృప్తుల కోసం వాళ్లు వింటున్నారని ఆమె తేల్చింది. ‘అరువు అనుభవం’ అన్నది ఆమె మాట. మాధ్యమం మనుషుల్ని ఏం చేస్తోందని కాక, మనుషులు మాధ్యమంతో ఏం చేసుకుంటున్నారని అడిగే సిద్ధాంతం తరగతి గదుల్లో 1974 నాటి కట్జ్, బ్లమ్లర్, గురెవిచ్‌ల పేర్లతో వినిపిస్తుంది. మూడు దశాబ్దాల ముందే ఆ ప్రశ్న వేసిన స్త్రీ పేరు చాలాసార్లు పక్కకు పోతుంది.

హెర్జోగ్‌ను చదువుతుంటే నాకు గౌరవంతో పాటు ఒక ఇబ్బంది కూడా కలిగింది. ఆ శ్రోతల మీద ఆమెకు కొంచెం జాలి, కొంచెం చులకన. నా నాలుగో అధ్యాయంలో నాకున్నట్టే. వాళ్ల దుఃఖాన్ని సీరియల్ పక్కదారి పట్టిస్తోందని ఆమె బాధ. ఆ దుఃఖం వాళ్లు చేసే పనిలోంచే పుట్టి ఉంటుందన్న వైపుకు ఆమె పెద్దగా వెళ్లలేదు.

తెలుగులో మనకు ఈ చులకన కొత్త కాదు. 1960లు, 70లలో యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం ఆడవాళ్లు అద్దె పుస్తకాల షాపుల ముందు ఎదురుచూసిన రోజుల్లో, ఆ నవలలు ఆడపిల్లలను ఊహల్లో ముంచి పాడు చేస్తున్నాయని ఎందరో రాశారు. మగ విమర్శకులు ‘కాలక్షేపం’ అని తీసేశారు. అభ్యుదయవాదులు, ఆ తర్వాత మనలో కొందరం, ‘భావజాలం’ అన్నాం. చదివే ఆమెను మాత్రం ఎవరమూ పెద్దగా అడగలేదు. అమెరికాలో జానిస్ రాడ్వే అడిగింది. 1984లో వచ్చిన ‘రీడింగ్ ది రొమాన్స్’లో ఒక పట్టణపు స్త్రీ పాఠకుల మాటలున్నాయి. పుస్తకం తెరిస్తే ఆ సమయం నాది, అప్పుడు నన్నెవరూ పిలవకూడదు అన్నది వాళ్ల మాటల సారం. రాడ్వే దీన్ని వివరించడానికి నాన్సీ చొడొరో 1978లో రాసిన మాతృత్వ విశ్లేషణను వాడుకుంది. అందరినీ సాకే స్త్రీని సాకేవాళ్లెవరూ ఉండరు. ఆ లోటును నవలలోని నాయకుడి ప్రేమ కాసేపు తీరుస్తుంది. కథ లొంగుబాటును నేర్పుతున్నా, చదవడమనే పని మాత్రం ఒక చిన్న ధిక్కారం కావచ్చని రాడ్వే చూపించింది. చదివే విషయాన్నీ చదవడమనే చర్యనూ విడదీసి చూడటం మన విమర్శకు ఆమె ఇచ్చిన పెద్ద పనిముట్టు.

అయితే ఆ పనిముట్టును అలాగే తెచ్చి మా వాకిట్లో వాడలేను. రాడ్వే పాఠకురాలికి పుస్తకం తెరిస్తే పని ఆగుతుంది. మా అమ్మకు సీరియల్ మొదలైతే పని ఆగదు, నడుస్తుంది. ఆమెకు తనదైన సమయం దొరకలేదు. కూలికి అమ్మిన సమయమే కొంచెం భరించగలిగేలా మారింది. ఈ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మా వాకిట్లో విన్న ఒక సీరియల్ గురించి చెప్పాలి.

స్టార్ మాలో 2017 నుంచి 2023 జనవరి దాకా వచ్చిన ‘కార్తీక దీపం’ పేరు విననివాళ్లు తెలుగునాట తక్కువ. నల్లగా ఉందని పుట్టింట్లో మాటలు పడ్డ దీప. తాను తండ్రి కాలేడన్న అబద్ధాన్ని నమ్మి, కడుపుతో ఉన్న ఆమెను అనుమానించే డాక్టరు భర్త. ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ బిడ్డను పెంచుకునే దీపే ఊరూరా ‘వంటలక్క’ అయింది. నా అధ్యాయంలో ఈ సీరియల్ మీద రెండు పేజీలు రాశాను. నలుపు గురించి మాట్లాడుతూనే నటి ముఖానికి నల్లరంగు పూసిన కపటం గురించి, ఐదేళ్లకు పైగా సాగిన భర్త భజన గురించి. అవి ఇప్పటికీ నిజాలే. కానీ ఈ కపటం మా వాకిట్లో అందరికీ తెలుసు. ‘గామె మొకం కడుక్కుంటె తెల్లగుంటదట’ అని నవ్వుతూనే వింటారు. మోసపోవడం, తెలిసి తెలిసి కథలోకి వెళ్లడం రెండూ ఒకటి కావు.

వాళ్లు దీపలో ఏం విన్నారు? భర్త దగ్గర లేడు. సంపాదన తన చేతులదే. బిడ్డ బాధ్యత తనదే. పైగా అనుమానం. గల్ఫ్ పోయినవాడి భార్య బతుక్కి ఇంతకంటే దగ్గరి కథ ఏ చానల్‌లోనూ రాలేదు. గల్ఫ్ అన్న మాట ఒక్కసారీ రాకపోయినా సరే. తెర మీది మనిషితో ప్రేక్షకులు ఏర్పరచుకునే ఈ స్నేహానికి 1956లో హోర్టన్, వోల్ అనే పరిశోధకులు ఒక పేరు పెట్టారు. దూరం నుంచే దగ్గరితనం లాంటి బంధం అది, ఒకవైపు నుంచే నడుస్తుందన్నారు. ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న మనిషి విషయంలో అది సరిపోతుంది. ఐదుగురు కూర్చున్న బీడీల వాకిట్లో జరిగేది ఇంకొకటి. అక్కడ దీపతో మాట్లాడరు, దీప పేరుతో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

‘గా డీఎన్‌ఏ పరీచ్చ ఏదో చేపిస్తె ఒక్కనాడు ఒడుస్తది గద. ఎందుకు చేపియ్యడు?’ అని ఒకామె అంటే, ‘మొగోనికి అనుమానం తీరాల్నని ఉండదే, అనుమానమే గావాలె’ అంది ఇంకో ఆమె. వాకిలంతా కాసేపు చప్పుడు లేదు. ఆ రెండో ఆమె భర్త సౌదీలో ఉన్నాడు. తన ఇంటి మాట నేరుగా చెబితే రేపటికి ఊరంతా పాకుతుంది. దీప గురించి చెబితే ఎవరి పరువూ పోదు.

మనస్తత్వ పరీక్షల్లో ఒకటుంది. అర్థం తేలని బొమ్మ చూపించి కథ చెప్పమంటారు. చెప్పే కథలో చెప్పేవాళ్ల మనసు బయటపడుతుంది. 1935లో దాన్ని క్రిస్టియానా మోర్గన్, హెన్రీ మర్రీ కలిసి ప్రకటించారు. 1943లో వచ్చిన ముద్రణలో మోర్గన్ పేరు లేదు, మర్రీ పేరే మిగిలింది. ఆ బొమ్మ చేసే పనిని సీరియల్ మా వాకిట్లో చేసింది. ఎవరికీ చెప్పుకోలేని మాటకు దీప మారుపేరు అయింది. వాకిట్లో నడిచిన ఈ మాటలే నేను చదవవలసిన పాఠం. నేను మాత్రం టీవీలో వచ్చిన మాటలు చదివి అధ్యాయం ముగించాను.

రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తల 2009 నాటి పరిశోధన ఇక్కడ గుర్తొస్తుంది. బీహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీలలోని గ్రామీణ కుటుంబాల నుంచి 2001, 2003 మధ్య సేకరించిన వివరాలవి. ఊరికి కేబుల్ టీవీ వచ్చాక భార్యను కొట్టడం తప్పు కాదనే స్త్రీల సంఖ్య తగ్గిందని, కొడుకే పుట్టాలన్న కోరిక తగ్గిందని వాళ్లు చెప్పారు. ఆ రోజుల్లో కేబుల్‌లో వచ్చినవీ మనం తిట్టిన సీరియళ్లే. సర్వే చేసేవాళ్లకు ఏం చెప్పాలో టీవీ నేర్పిందా, లేక లోపల నిజంగానే ఏదైనా మారిందా అన్న సందేహం ఉండవలసిందే. అయినా, పాఠం ఎంత వెనుకబడిందైతే ప్రభావమూ అంత వెనుకబడిందై ఉంటుందన్న మన సూత్రం మాత్రం అంత గట్టిది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

సీరియల్‌ను ఇంతగా వెనకేసుకొచ్చాక ఫోను గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఎందుకంటే అదే వాకిట్లో ఫోను చేసిన పని వేరు.

నా చిన్నతనంలో మస్కట్ నుంచి మా పక్కింటికి క్యాసెట్ వచ్చేది. ఎవరో ఊరికొచ్చేవాళ్లతో పంపేవారు. టేప్‌రికార్డర్ వాకిట్లో పెట్టి, బీడీలు చేస్తూ అందరూ వినేవాళ్లు. అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు, అప్పుల లెక్కలు అన్నీ అందరి ముందే. భార్యకు చెప్పవలసిన మాట అందులో ఉండేది కాదు, ఉంటే ఒక దగ్గు, ఒక విరామం. అది దొరకక ఆమె ఆ క్యాసెట్‌ను మళ్లీ మళ్లీ తిప్పేది. తర్వాత ఐఎస్‌డీ బూత్ వచ్చింది, సెల్ వచ్చింది, ఇప్పుడు ఐఎంఓ, వాట్సాప్. ఎడబాటు తగ్గిందని అందరం సంతోషించాం. నిజమే, తండ్రి ముఖం చూస్తూ పెరుగుతున్న పిల్లలున్నారు.

మా గల్లీలో నేను వదినె అని పిలిచే ఒకామె ఉంది. ఒక రాత్రి పిల్లవాడికి జ్వరం. పొద్దున కార్ఖానాలో ఇవ్వవలసిన బీడీలు ఒడవలేదు. మేలుకుని ఉండటానికి ఫోనులో ఏదో పాట పెట్టుకుంది. మస్కట్‌లో రాత్రి పదిన్నర అంటే ఇక్కడ పన్నెండు. డ్యూటీ దిగి గదికొచ్చిన ఆయనకు ఈమె ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనిపించింది. ఎవరితో మాట్లాడుతున్నావన్నాడు. కెమెరా తిప్పి గదంతా చూపించమన్నాడు. ఆమె చూపించింది. మర్నాడు మళ్లీ చూపించమన్నాడు. నెల తిరిగేసరికి ఫోను అత్త దగ్గర పెట్టుకోవాలని తీర్పయింది. ఇప్పుడు భర్తతో ఆమె మాట్లాడేది అత్త పక్కన కూర్చుంటేనే. ‘క్యాసెట్ల కాలమే నయముండె వదినే. అది మాట్లాడుతుండె గని మనల్ని సూడకపోతుండె’ అంది నాతో. ఆ మాట అన్నప్పుడు కూడా ఆమె వేళ్లు ఆగలేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు పాలీన్ బాస్ అనే మనస్తత్వ పరిశోధకురాలి ఆలోచన ఉపయోగపడింది. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను ఆమె 1970లలో అధ్యయనం చేసింది. మనిషి లేడు, కానీ పోలేదు. ఇంట్లో అతని చోటు ఖాళీ కాదు, నిండదు. ముగింపు లేని ఈ నష్టానికి ఆమె ‘అస్పష్ట నష్టం’ అని పేరు పెట్టింది. గల్ఫ్ భార్య స్థితి దీనికి చాలా దగ్గర. సెల్‌ఫోను ఆ అస్పష్టతను తగ్గించకపోగా దాన్ని రోజుకు పదిసార్లు గుర్తు చేస్తోంది. మనిషి ఇంట్లో లేడు, కానీ చూపు ఇంట్లో ఉంది. ఇంటిపనికి అందని భర్త, కాపలాకు అందుతున్నాడు.

నీలం టిక్కులు చూసుకుంటూ ఆడవాళ్లు ఫోనుకు బానిసలయ్యారని ఊళ్లో మగపెద్దలు అంటుంటారు. దానికి మనస్తత్వశాస్త్రపు రుజువు కూడా దొరుకుతుంది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు పావురం మీటను వదలకుండా పొడుస్తూనే ఉంటుందని స్కిన్నర్, ఫెర్‌స్టర్ 1957లో చూపించారు. ఎప్పుడొస్తుందో తెలియని కాల్ కోసం ఫోను వంక చూసే ఆమెను ఆ పావురంతో పోల్చడం తేలిక. ఇక్కడే ఈ శాస్త్రాన్ని నిలదీయాలి. ప్రయోగశాలలో గింజల వేళలు నిర్ణయించింది పరిశోధకుడు. ఇక్కడ ఎవరు? లేబర్ క్యాంపులో షిఫ్టులు మార్చే కంపెనీ, జీతం ఆపిన యజమాని, వీసా పేరుతో అప్పు చేయించిన ఏజెంటు. ఆమె చూపును వ్యసనం అన్నామంటే వీళ్లందరినీ లెక్కలోంచి తీసేసినట్టే. అతని అనుమానాన్ని కూడా ఒక్క మనిషి గుణంగా చూసి వదిలేయలేం. పదిమంది పడుకునే గదిలో, తన బతుకు మీద తనకే అధికారం లేనివాడికి భార్య మీద అధికారమొక్కటే మిగిలింది. అది చూపించుకునే పరికరం జేబులో ఉంది. ఇది క్షమాపణ కాదు. అనుమానించే హక్కు అతనికి ఫోను ఇవ్వలేదు, పితృస్వామ్యం ఇచ్చింది. ఫోను దానికి దూరాన్ని అడ్డు లేకుండా చేసింది.

ఇప్పుడు వాకిట్లో వినిపించే గొంతు ఎవరిదన్న ప్రశ్నకు వస్తాను. ఆకును చుడుతూ కథలు వినడం ఒక్క నిజామాబాద్ ముచ్చట కాదు. 1865లో క్యూబా రాజధాని హవానాలో చుట్టల కార్మికులు ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఒకరు పైన కూర్చుని పత్రికలు, నవలలు చదువుతుంటే మిగిలినవాళ్లు చుట్టలు చుడుతూ వినేవాళ్లు. చదివే మనిషికి జీతం కార్మికులే తమ కూలిలోంచి ఇచ్చేవాళ్లు. ఏం చదవాలో వాళ్లే తేల్చుకునేవాళ్లు. మరుసటేడే వలస ప్రభుత్వం దాన్ని నిషేధించింది, కానీ అది మళ్లీ లేచింది. ప్యూర్టోరికోలో అలా పొగాకు కార్ఖానాలో చదివిన ఒక స్త్రీ లూయిసా కపెటియో. కార్మిక నాయకురాలు, 1911లోనే స్త్రీల హక్కుల మీద పుస్తకం రాసిన స్త్రీవాది. ఫ్లోరిడాలోని టాంపాలో మాత్రం 1931లో యజమానులు ఈ చదువరులను తీసేశారు. సమ్మెలకు వాళ్లే కారణమన్నారు. ఆ చోట రేడియోలు వచ్చాయి.

చేతులు అవే, ఆకు అదే, ఖాళీ చెవులు అవే. మారింది గొంతును ఎంచుకునే హక్కు. పని చేసేవాళ్ల చెవులకు విలువుందని యజమానులకు బాగా తెలుసు. 1940 జూన్‌లో బీబీసీ ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. యుద్ధకాలపు ఫ్యాక్టరీల్లో విసుగు తగ్గి ఉత్పత్తి పెరగాలని. మా అమ్మ విన్న సీరియల్ బీడీల లెక్కను పెంచిందా లేదా అని నేను కొలవలేదు. కానీ ‘సీరియల్ నడుస్తుంటె నడుం నొప్పి యాదికి రాదు’ అని ఆమె అన్నప్పుడు, ఆ మరుపు వల్ల లాభం ఎవరికన్న ప్రశ్న నన్ను వదల్లేదు. మరుపు ఆమెది. వెయ్యి బీడీలు కార్ఖానావి. రెండూ నిజం. ఒక నిజం చెప్పి రెండోది దాచే విమర్శ నాకు ఇక వద్దు. సీరియల్ మత్తుమందన్న నా పాత వాదం మొదటిదాన్ని దాచింది. ఆడవాళ్లు తమకు కావలసిన అర్థం తీసుకుంటారు కదా అని మురిసిపోయే కొత్త వాదం రెండోదాన్ని దాచగలదు.

మా నాన్నమ్మల తరం నాట్లు వేస్తూ పాట అందుకున్నప్పుడు గొంతూ వాళ్లదే, వినే చెవులూ వాళ్లవే. ఇవాళ ఫోను వల్ల ఆ అవకాశం కొంత తిరిగి వస్తున్నట్టు కూడా కనిపిస్తుంది. పొరుగున జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పని చేసి, బీడీలు చేసి బతికిన గంగవ్వ ‘మై విలేజ్ షో’ వీడియోలతో ఇంటింటికీ తెలిసింది. 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఆమె మాట మా వాకిట్లో వినిపించినప్పుడు నవ్వే తీరు వేరు. ‘మనలెక్కనే మాట్లాడుతది’ అంటారు. మన యాసను వెక్కిరింతకే వాడిన తెరల మీద అది చిన్న మార్పు కాదు. అయితే చిన్న వీడియోలకు చెవులు చాలవు. కళ్లు, వేలు కూడా కావాలి. ఫోను మీద వేలు కదిలినంతసేపు బీడీ ఆగుతుంది, కూలి తగ్గుతుంది. అందుకే మా వాకిట్లో ఫోనును చెంబుకు ఆనించి, ఏదో ఒకటి పెద్దగా పెట్టి, మళ్లీ రేడియోలాగే వింటారు. చేతిలో తెర ఎంత మారినా, పని మారనంతకాలం ఆమె ఎలా వినాలో పనే నిర్ణయిస్తోంది.

కాబట్టి మనస్తత్వశాస్త్రం నుంచి మనం తీసుకోవలసింది పరిభాష కాదు, అడిగే అలవాటు. హెర్జోగ్ లాగా వెళ్లి కూర్చుని అడగాలి. ఆమె ఆగినచోట ఆగకుండా, ఆ అవసరం ఏ పనిలో, ఏ ఎడబాటులో పుట్టిందో కూడా అడగాలి. మాధ్యమాల మీద మనం రాసే ప్రతి వ్యాసంలోనూ ఏం చూపించారన్నదానితో పాటు, విన్నామె చేతులు అప్పుడు ఏం చేస్తున్నాయి, ఆ గొంతును ఎంచుకున్నది ఎవరు, ఆ తెర తిరిగి ఆమెను చూస్తోందా అన్నవి ఉండాలి.

ఈ సవరణ రాయడం మొదలుపెట్టాక మళ్లీ బాల్కొండ వెళ్లాను. అమ్మ చూపు ఇప్పుడు ఆనడం లేదు. బీడీలు తగ్గించింది. రాసినంతవరకు చదివి వినిపించాను. హవానా కార్మికుల సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

‘పుస్తకం సదివెటోళ్లకు పైసలు వాళ్లే ఇచ్చుకునెటోళ్లా?’

‘అవునమ్మా, వాళ్ల కూలిలకెంచే.’

కాసేపు ఆలోచించి, ‘గట్లయితే నీకు నేనిచ్చినట్టే గద బిడ్డా’ అంది. నిజమే. నా చదువు ఖర్చు వెయ్యి బీడీల లెక్కన వచ్చింది. పుచ్చుకున్న కూలికి చదివి వినిపించడం నేను ఇన్నాళ్లకు మొదలుపెట్టాను.